కేసు ఉందన్నారు సరే, అది ఏమైందో చెప్పరా?

ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైన వారి చేతికి నియామక ఉత్తర్వు కంటే ముందు అటెస్టేషన్ ఫారం వస్తుంది. మీరెప్పుడైనా అరెస్టయ్యారా, మీపై ప్రాసిక్యూషన్ నడిచిందా, నిర్బంధంలో ఉన్నారా, బైండోవర్ (గొడవ చేయబోమని ముందస్తు పూచీకత్తు) అయ్యారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష విధించిందా, ప్రస్తుతం ఏదైనా కేసు పెండింగులో ఉందా అని అందులో అడుగుతారు. చట్టం దృష్టిలో ఒకదానికొకటి పోలిక లేని ఇన్ని సంగతులను ఒకే గుక్కలో అడిగి, ఉందనో లేదనో రాయమంటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల నుంచి కానిస్టేబుల్ ఉద్యోగానికో, ఉపాధ్యాయ ఉద్యోగానికో ఎంపికై వచ్చిన అభ్యర్థులు ఆ గడి దగ్గర ఆగిపోయి, ఊళ్లో తెలిసిన హెడ్ కానిస్టేబుల్‌నో, ప్లీడరు గుమాస్తానో సలహా అడిగి, వారు చెప్పింది రాసి సంతకం పెడుతుంటారు. ఆ సలహా తప్పితే పోయేది సలహా ఇచ్చినవారి ఉద్యోగం కాదు.

ఇంతకీ నేర చరిత్ర విచారణలో ఏమేమి బయటపడతాయి? స్థానిక స్టేషన్ రికార్డులు, స్పెషల్ బ్రాంచ్ సిబ్బంది ఇరుగుపొరుగును అడిగి రాసుకున్న మాటలు ఎప్పటి నుంచో ఉన్నవే. దేశంలోని పోలీసు స్టేషన్లన్నిటినీ కలిపే సీసీటీఎన్‌ఎస్ వ్యవస్థకు కేంద్రం 2009లో ఆమోదం తెలిపింది. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లోగా వెబ్‌సైట్‌లో ఉంచాలని, లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులకు మాత్రమే మినహాయింపు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కక్షిదారు పేరు కొట్టి కేసు వివరాలు ఎవరైనా చూడవచ్చు. నిందితుడికి తనపై మోపిన ఆరోపణ ఏమిటో వెంటనే తెలియాలన్న సదుద్దేశంతోనే ఎఫ్‌ఐఆర్‌లను బహిరంగపరిచారు. తీరా ఆ సౌకర్యాన్ని నిందితుడి కంటే అతడికి ఉద్యోగం ఇవ్వబోయే సంస్థ తరఫున పనిచేసే వెరిఫికేషన్ ఏజెన్సీలే ఎక్కువగా వాడుకునే పరిస్థితి వచ్చింది. కేసు పుట్టుక 24 గంటల్లో ఊరందరికీ తెలిసేలా ఏర్పాటు చేసిన మనం, ఆ కేసు ముగింపును అంతే శ్రద్ధగా దాని పక్కన నమోదు చేసే ఏర్పాటు చేసుకోలేదు. అసలు లోపం ఇక్కడ ఉన్నదని ఈ పత్రిక భావిస్తోంది.

మన జిల్లాల్లో కేసులు ఎలా పుడతాయో తెలిసినవారికి ఈ లోపం ఎంత పెద్దదో వివరించి చెప్పనక్కర్లేదు. పొలం గట్టు దగ్గరో, వినాయక నిమజ్జనం ఊరేగింపులోనో, పంచాయతీ ఎన్నికల ఫలితం వచ్చిన రాత్రో రెండు వర్గాలు తోసుకుంటాయి. ఒకరు ఫిర్యాదు ఇస్తారు, తెల్లారేసరికి రెండోవారు కౌంటర్ కేసు పెడతారు. ఫిర్యాదులో కొట్టినవాడి పేరుతో పాటు అతడి అన్నదమ్ముల పేర్లు, ఆ సమయానికి ఒంగోలు కోచింగ్ సెంటర్లో చదువుకుంటున్న కొడుకు పేరు కూడా చేరతాయి. కొడుకు ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నాడని తెలిసే ఆ పేరు చేర్చే ఘనులు లేకపోలేదు. వరకట్న వేధింపుల కేసుల్లోనూ ఇంతే. నిజంగా వేధించినవారితో పాటు వేరే ఊళ్లో ఉన్న మరిది, ఆడపడుచు నిందితులవుతారు. నిర్దిష్టమైన ఆరోపణ లేకుండా కుటుంబసభ్యులందరినీ కేసులోకి లాగే ధోరణిని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు తప్పుపట్టింది.

ఇలాంటి కేసుల్లో చాలామంది అరెస్టు కానే కారు. అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని పిలిచే, పాత సీఆర్‌పీసీలోని 41ఏ నోటీసు అందుకుంటారు. ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 35వ సెక్షన్ కింద వస్తోంది. స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టి ఇంటికి వస్తారు. తర్వాత పెద్దమనుషులు కూర్చుంటారు, రాజీ కుదురుతుంది, లోక్ అదాలత్‌లో కేసు ముగిసిపోతుంది. రాజీకి వీలున్న నేరంలో రాజీ కుదిరితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టేనని చట్టం స్పష్టంగా చెబుతోంది. ఇది జరిగిన నాలుగేళ్లకు ఆ యువకుడు, తాను అరెస్టు కాలేదు, శిక్ష పడలేదు, కేసు ఎప్పుడో అయిపోయింది గనుక ఏమీ లేదని ఫారంలో రాస్తాడు. స్టేషన్ నుంచి వెళ్లే నివేదికలో మాత్రం క్రైమ్ నంబరు, సెక్షన్లు, నిందితుల వరసలో అతడి స్థానం ఉంటాయి. కేసు కంటే పెద్ద ముప్పు అక్కడ మొదలవుతుంది. ఎందుకంటే ఇప్పుడతడు కొట్లాట కేసులో నిందితుడు కాడు, నిజం దాచిన అభ్యర్థి.

దీనికి పూర్తిగా తలకిందులైన మరో సంగతి ఉంది. పేకాట దాడిలో దొరికిన కుర్రవాడిని, మద్యం తాగి బండి నడిపి పట్టుబడినవాడిని కోర్టుకు తీసుకెళ్తారు. ‘ఒప్పేసుకో, ఫైను కట్టేసి మధ్యాహ్నానికి ఇంటికి పోదువు’ అని పక్కవారు చెబుతారు. అతడు ఒప్పుకుంటాడు, డబ్బు కడతాడు, ట్రాఫిక్ చలానా కట్టిన చందంగా మరిచిపోతాడు. అది చలానా కాదు. నేరం ఒప్పుకోవడం, కోర్టు అతడిని దోషిగా తేల్చడం, జరిమానా శిక్ష విధించడం అన్నీ ఆ పావుగంటలో జరిగిపోయాయి. ఏళ్ల తరబడి నడిచి రాజీతో ముగిసిన కొట్లాట కేసులో నిర్దోషి అయినవాడు, కొన్ని నిమిషాల్లో ముగిసిన పేకాట కేసులో దోషి అవుతాడు. ఈ తేడాను కోర్టు ఆవరణలో ఒక్కరూ అతడికి చెప్పరు. బైండోవర్‌ది మరో కథ. ఎన్నికల ముందు తహసీల్దారు ఎదుట హాజరుపరిచి శాంతిభద్రతలకు భంగం కలిగించబోమని పూచీకత్తు రాయించుకోవడం ముందుజాగ్రత్త చర్య మాత్రమే. అందులో నేర నిరూపణ ఉండదు, శిక్ష ఉండదు. అయినా ఫారంలో దాని గురించి ప్రత్యేకంగా అడుగుతారు కాబట్టి రాయక తప్పదు.

ప్రైవేటు ఉద్యోగాల సంగతి వేరు. కృష్ణపట్నం పోర్టులో కాంట్రాక్టు సంస్థ కావచ్చు, చెన్నై, బెంగళూరుల్లోని సాఫ్ట్‌వేర్ కంపెనీ కావచ్చు, పేరు పెట్టి వెతికించడమే విచారణగా చెలామణి అవుతోంది. పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్న పెంచలయ్యలు, మాలకొండ స్వామి పేరిట మాల్యాద్రులు, మాలకొండయ్యలు, కసుమూరు దర్గా మొక్కుతో పుట్టిన మస్తాన్‌లు, మస్తానయ్యలు ఈ రెండు జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా, ఇంకోచోట పేరు చివరన నమోదవుతుంది. ఇంగ్లిషు అక్షరక్రమం గుమాస్తాకొక రకం. తండ్రి పేరు, ఊరు సరిచూడకుండా పేరు కలిసిందని ‘రికార్డు ఉంది’ అని రాసిపంపితే, ఆ మాట అభ్యర్థికి చేరదు. ఆఫర్ ఉపసంహరించుకున్నామన్న ఒక్క ముక్క మెయిల్ మాత్రమే చేరుతుంది. ఎవరి కేసుకు తాను బలయ్యాడో తెలుసుకునే దారి కూడా అతడికి ఉండదు.

న్యాయస్థానాలు ఈ విషయంలో మౌనంగా లేవు. అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2016లో విస్తృతమైన మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేసినట్టి స్వల్ప కేసును దాచినా, అధికారి దానిని ఉపేక్షించవచ్చునని చెప్పింది. నిజం దాచారని తేల్చే ముందు ఆ నిజం అభ్యర్థికి తెలిసి ఉండాలని, ఫారంలో నిర్దిష్టంగా అడిగిన దానికే అతడు జవాబుదారీ అవుతాడని అన్నది. దాచినంత మాత్రాన యాంత్రికంగా తొలగించరాదని పవన్ కుమార్ కేసులో 2022లో మరోసారి చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో కానిస్టేబుల్‌గా ఎంపికై, అప్పటికే కొట్టేసిన కేసును ప్రస్తావించనందుకు ఉద్యోగం కోల్పోయిన రవీంద్ర కుమార్‌కు 2024లో అనుకూలంగా తీర్పు వచ్చింది. ఎంపిక రద్దయినది 2005లో. హక్కు దక్కింది గానీ యవ్వనం కోర్టు వరండాల్లో గడిచిపోయింది. సుప్రీం దాకా వెళ్లలేని కుటుంబాలకు ఈ తీర్పులు ఉన్నా లేనట్టే.

అలాగని అదే న్యాయస్థానం రెండోవైపు చెప్పిన మాటను దాటవేయడం నిజాయతీ అనిపించుకోదు. సాక్షులు ఎదురుతిరిగినందువల్లనో, సంశయ లాభం వల్లనో విడుదలైన వ్యక్తి పోలీసు శాఖకు తగినవాడా అని పరిశీలించే అధికారం నియామక సంస్థకు ఉందని 2013లో మెహర్ సింగ్ కేసులో తేల్చారు. నిజం చెప్పినా సరే, పూర్వాపరాలు చూసి నిరాకరించే హక్కు యజమానికి ఉంటుందని అవతార్ సింగ్ తీర్పు కూడా అంగీకరించింది. దానితో మాకు పేచీ లేదు. లాఠీ చేతికిచ్చే ముందు, చిన్నపిల్లల బడి బస్సు తాళాలు అప్పగించే ముందు, బాలికల వసతిగృహానికి కాపలాదారును పెట్టే ముందు ఎంత వాకబు చేసినా ఎక్కువ కాదు. విచిత్రమేమిటంటే, ఈ వాకబు అవసరమైన చోటనే బలహీనంగా ఉంది. లైంగిక నేరాలకు పాల్పడినవారి జాతీయ డేటాబేస్‌ను 2018లో ప్రారంభించారు. దానిని పోలీసు, దర్యాప్తు సంస్థలే చూడగలవు. ప్రైవేటు బడి యాజమాన్యం పోలీసుల ద్వారా అడిగించుకోవాలి, అడిగించే అలవాటు చాలా యాజమాన్యాలకు లేదు. అభ్యర్థి ఇప్పుడుంటున్న ఊరి స్టేషన్‌ను మాత్రమే అడిగి సరిపెడితే, ఎక్కడో శిక్ష అనుభవించి వచ్చినవాడు కడిగిన ముత్యంలా కనిపిస్తాడు. పుట్టి పెరిగిన ఊళ్లోనే ఉండి తగాదాలో పేరెక్కినవాడు నేరస్థుడిలా కనిపిస్తాడు.

మరుపు కూడా న్యాయంలో భాగమని మన చట్టాలు అక్కడక్కడ ఒప్పుకున్నాయి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్, మైనరుగా ఉండగా జరిగిన తప్పు వల్ల పెద్దయ్యాక ఏ అనర్హతా రాకూడదని, హేయమైన నేరాలు మినహా మిగతా కేసుల రికార్డులను గడువు తీరాక ధ్వంసం చేయాలని చెబుతోంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. పదహారేళ్లు నిండి, పెద్దవారితో సమానంగా విచారణకు గురైనవారికి ఆ రక్షణ దొరకదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్, సత్ప్రవర్తన హామీపై విడుదలైన వ్యక్తికి ఆ శిక్ష కారణంగా అనర్హత అంటదని చెప్పింది. వీటి పరిధి దాటితే ఇక ఏ గడువూ లేదు. బ్రిటన్ 1974లోనే ఒక చట్టం చేసి, నిర్ణీత కాలం తర్వాత చాలా శిక్షలను కాలం తీరినవిగా పరిగణిస్తోంది. సాధారణ ఉద్యోగానికి వాటిని చెప్పనక్కర్లేదు, పిల్లల సంరక్షణ వంటి పనులకు మాత్రం చెప్పాలి. అమెరికాలో వెరిఫికేషన్ ఏజెన్సీ ఇచ్చిన నివేదిక ఆధారంగా ఉద్యోగం నిరాకరించబోయే సంస్థ, ముందుగా ఆ నివేదిక ప్రతిని అభ్యర్థికి ఇచ్చి తీరాలి. ఇక్కడి ఏజెన్సీలు పనితీరును అక్కడి నుంచి తెచ్చుకున్నాయి గానీ ఈ బాధ్యతను ఓడ దించలేదు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తప్పులు సరిదిద్దించుకునే హక్కును ఇచ్చినా, చట్టప్రకారం బహిరంగపరచాల్సిన సమాచారాన్ని తన పరిధి నుంచి తప్పించింది.

పార్లమెంటు కొత్త చట్టం చేసేదాకా నెల్లూరు, ఒంగోలు ఎస్పీ కార్యాలయాలు ఎదురుచూడనక్కర్లేదు. వెరిఫికేషన్ నివేదికలో క్రైమ్ నంబరు రాసే ప్రతిచోటా ఛార్జిషీటు వేశారా, పేరు తొలగించారా, రాజీ అయిందా, కొట్టేశారా, శిక్ష పడిందా అన్నది తేదీతో సహా రాయాలని ఆదేశిస్తే చాలు. ఆ వివరం కోర్టు కానిస్టేబుల్ దగ్గర ఉంటుంది. నివేదిక పంపే ముందు దాని నకలు అభ్యర్థికి ఇచ్చి, అభ్యంతరం చెప్పుకోవడానికి కనీసం వారం రోజుల వ్యవధి ఇవ్వాలి. అటెస్టేషన్ ఫారంలోని ప్రశ్నను రాష్ట్ర ప్రభుత్వం విడగొట్టి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడి పెట్టి, తెలుగులో కూడా ముద్రించాలి. నేరం ఒప్పుకుంటే వచ్చే పర్యవసానాన్ని జిల్లా న్యాయసేవాధికార సంస్థలు కోర్టు హాల్లోనే నిందితులకు చెప్పించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో ప్రకటన వెలువడిన కానిస్టేబుల్ పోస్టులకు తుది రాతపరీక్ష 2025 జూన్‌లో గానీ జరగలేదు. దరఖాస్తు నాడు లేని కేసు అటెస్టేషన్ నాటికి ఉండటానికి అంత వ్యవధి చాలు. ఇకపై ఎంపికయ్యేవారు ఫారం నింపేముందు తమ స్టేషన్‌లోనూ ఈ-కోర్ట్స్‌లోనూ తమ పేరిట ఏముందో ఒకసారి చూసుకుని, రాజీ అయినదైనా కొట్టేసినదైనా దాచకుండా రాసి, తీర్పు నకలు జతచేయాలని మా సూచన. అలా నిజం రాసినవారి దరఖాస్తును కేసు పేరు చూసి పక్కన పెట్టకుండా, జతచేసిన తీర్పును చదివి, నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా తెలియజేయడం నియామక అధికారుల వంతు.