ఒక్క జన్యు పరీక్షతో ఆయుష్షు తేలిపోతుందా?

"కణితి ముక్కలో జన్యువుల తీరు చూస్తే చాలు, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి ఎన్నాళ్లు బతుకుతాడో తెలిసిపోతుంది. స్టేజీలు చూడటం పాత పద్ధతి. రిపోర్టులో హై రిస్క్ వస్తే కీమో తప్పదు, లో రిస్క్ అయితే అక్కర్లేదు. ఇంట్లోవాళ్లూ చేయించుకోండి." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇందులో పిసరంత నిజం ఉంది కాబట్టే నమ్మబుద్ధేస్తుంది.

కణితిలో ఏ జన్యువు ఎంత ఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే దాని నకలు) తయారుచేస్తోందో కొలవచ్చన్నది నిజమే. ఆ కొలతలతో రోగులను రెండు గుంపులుగా విడదీస్తే, ఒక గుంపులో జబ్బు ఎక్కువమందికి తిరగబెట్టినట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. అయితే హై రిస్క్ గుంపులోనూ ఏళ్ల తరబడి బాగున్నవాళ్లుంటారు, లో రిస్క్ గుంపులోనూ తిరగబెట్టినవాళ్లుంటారు. మీ ఎదురుగా కూర్చున్న మనిషి ఎటువైపో ఆ రిపోర్టు తేల్చి చెప్పలేదు.

పైగా ఇలా రిస్క్ చెప్పడానికి ఎంచుకునే జన్యువుల జాబితాల చరిత్రే అంత గొప్పగా లేదు. వేల జన్యువులను కొలిచి, కొన్ని వందలమంది రోగుల్లో వెతికితే కాకతాళీయంగానైనా ఏదో ఒక జాబితా సరిపోతుంది. వేరే రోగుల దగ్గరికి వెళ్తే అది నిలబడాలి కదా! తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎవరికి తిరగబెడుతుందో చెప్పగలమని 2006లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ బృందం న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో రాసింది. అప్పట్లో పెద్ద సంచలనం. ఆ ఫలితాలను మళ్లీ రాబట్టలేక 2011లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందు ఏడాదే సుబ్రమణియన్, సైమన్ అనే పరిశోధకులు ఇలాంటి 16 అధ్యయనాలను జల్లెడ పట్టి, వైద్యంలో వాడటానికి సిద్ధంగా ఉన్నవంటూ దాదాపు ఏవీ లేవని తేల్చారు. ఆ తర్వాత మెరుగైనవి వచ్చాయి. కానీ ఒకే కణితిలో ఒకచోట తీసిన ముక్కకూ మరోచోట తీసిన ముక్కకూ రిస్క్ మారిపోయే ఇబ్బంది ఉండనే ఉంది.

స్టేజీ పాతదా? కణితి సైజెంత, లింఫ్ గ్రంథులకు పాకిందా, దూరపు అవయవాలకు చేరిందా అన్న లెక్కలకే ఇప్పటికీ పెద్దపీట.

కీమో సంగతి మరీ ప్రమాదకరం. జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంత అన్నది ఒక ప్రశ్న, మందు పనిచేస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తేలదు. ఈఆర్‌సీసీ1 అనే ప్రొటీన్ తక్కువగా ఉన్నవాళ్లకే సిస్‌ప్లాటిన్ కీమో మేలు చేస్తుందని 2006లో ఆశపెట్టారు. 2013లో మళ్లీ పరీక్షిస్తే ఆ లెక్క నిలవలేదు.

ఇక ఇంట్లోవాళ్ల మాట. ఇది కణితి ముక్క మీద చేసే పరీక్ష. కణితే లేనివాళ్లకు దేనిమీద చేస్తారు?

ఒక్క జాగ్రత్త. డాక్టర్ ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే పరీక్షలు రాస్తే ఇది చదివి మానుకోకండి. అవి కణితి జన్యువుల్లో వచ్చిన మార్పులను పట్టి, వాటికి సరిపోయే మాత్రలు ఎంచుకోవడానికి పనికొచ్చేవి. ఆ మెసేజ్ చెప్పే పరీక్ష వేరు.