మామూలు ఆర్‌సీఏ కేబుల్‌కి ఆ చిట్కా పనిచేయదు
స్పీకర్లలో వచ్చే హమ్ (గుయ్‌మనే శబ్దం) పోవాలంటే ఆడియో కేబుల్ షీల్డ్‌ని, అంటే లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లికని, ఒక చివరే కలపాలని ఒక వ్యాసంలో రాశారు. బ్యాలెన్స్‌డ్ లైన్ (సిగ్నల్‌కి రెండు తీగలు, షీల్డ్ వేరుగా ఉండేది) అయితే సరే గానీ, మామూలు ఆర్‌సీఏ కేబుల్‌లో సిగ్నల్ తిరిగి వెళ్లే దారి కూడా ఆ షీల్డే. దాన్ని తెంపితే హమ్ ఇంకా పెరుగుతుంది. నేను అలాగే తెంపి ఒక ఆదివారమంతా తల పట్టుకున్నాను. తర్వాత లోపల రెండు తీగలున్న షీల్డెడ్ కేబుల్ వేసి, షీల్డ్‌ని ఆంప్లిఫయర్ వైపు మాత్రమే సోల్డర్ చేశాను. అయినా లోపలి గ్రౌండ్ తీగ ఆంప్లిఫయర్‌నీ అవతలి పెట్టెనీ కలుపుతూనే ఉంది కదా, హమ్ తెచ్చే గ్రౌండ్ లూప్ (ఆ తీగ, రెండు ప్లగ్గుల ఎర్త్ కలిసి ఏర్పడే వలయం) ఎక్కడికి పోతుంది? దాన్ని తెంపడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ పీకేయాలనిపిస్తుంది, అది మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే పని. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే చాలావరకు తగ్గింది. మిగిలిన కాస్త గుర్రుమనే శబ్దం, సిగ్నల్ లైన్లో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగలు నేరుగా కలవకుండా సిగ్నల్‌ని దాటించేది) పెట్టాకే పోయింది.