ఎర్ర సిరా సాక్షిగా

మా పక్కింటి అబ్బాయి ఇంజనీరింగు రెండో ఏడు. మొన్న థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని సందర్శించిన నివేదిక తెచ్చి చూపించాడు. ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. శీర్షికలకు నల్ల సిరా, వాటి కింద స్కేలు పెట్టి కొట్టిన జంట గీతలు. మూడో పేజీలో, అంతే శ్రద్ధగా రాసిన ఒక వాక్యం. దాని తాత్పర్యం: ‘నేను కృత్రిమ మేధను కాబట్టి స్వయంగా సందర్శించలేను. కావాలంటే నమూనా నివేదిక ఇవ్వగలను.’

ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో టిక్కు ఉంది. చివర 5కి 5, లెక్చరర్ గారి సంతకం, తేదీ.

‘‘నువ్వైనా వెళ్లావా?’’

‘‘లేదంకుల్. బస్సు కుదరలేదు. హాజరు వేశారు.’’

వెళ్లానని వాడు రాశాడు, చదివానని ఆయన సంతకం పెట్టాడు. వెళ్లలేదని ఒప్పుకున్నది యంత్రం ఒక్కటే.

చాట్‌బాట్‌ల వల్ల విద్యార్థుల్లో స్వీయ ఆలోచన అంతరించిపోతోందని వాళ్ల కాలేజీ వచ్చే శనివారం సదస్సు పెడుతోంది. విని నా కళ్లు చెమర్చాయి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చేదాకా స్వీయ ఆలోచన మన కాలేజీ గేట్ల ఎదుట జెరాక్స్ షాపుల్లో పేజీల లెక్కన దొరికేది. అమీర్‌పేటలో ప్రాజెక్టు కొంటే వైవాలో అడిగే ప్రశ్నలు, వాటి జవాబులతో సహా చేతికి వచ్చేది. సీనియర్ రికార్డు చూసి రాస్తూ ‘ఇక్కడ బొమ్మ వేయాలి’ అన్న మాటను కూడా దించిన మేధావులు నా తరంలోనే ఉన్నారు. (ఒకడు ఇప్పుడు ప్రిన్సిపాల్.)

సిగ్గుగా లేదా అని అబ్బాయిని నిలదీశాను.

‘‘నివేదికకు సిగ్గేనంకుల్. కానీ లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ కూడా దాని దగ్గరే నేర్చుకున్నాను. చిక్కు సమీకరణాన్ని మామూలు బీజగణితంలోకి దించి, లెక్క తేల్చి, మళ్లీ వెనక్కి తెచ్చుకోవడమని చెప్పింది. నాలుగుసార్లు అడిగాను, తెలుగులో. విసుక్కోలేదు.’’

‘‘తప్పులు చెబుతుందట కదా?’’

‘‘చెబుతుంది. తప్పంటే క్షమించమని ఇంకో తప్పు చెబుతుంది. పుస్తకం పక్కన పెట్టుకునే అడుగుతాను.’’

ఈ లాప్లాస్ సంగతే ముందు క్లాసులో లేచి అడిగాడట. ఎందుకు వాడాలి సార్ అని. పరీక్షలో వస్తుంది కాబట్టి అన్నారట. మళ్లీ అడిగితే, ‘తెలుగు మీడియమా?’ అన్నారట. క్లాసంతా నవ్విందట. ఆ తర్వాత వాడు చెయ్యెత్తలేదు.

ఇందులో నవ్వుకోవడానికి ఏముంది? ఇంట్లో మొదటిసారి డిగ్రీ ముఖం చూస్తున్న పిల్లవాడి నోరు ఒక్క మాటతో మూయించి, ఇప్పుడు వాడు ఫోనుతో మాట్లాడుతున్నాడని సదస్సులా? విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచి, ఉన్నవాళ్లను కాంట్రాక్టు జీతాలతో అరగదీసి, అంతరించిపోయిందని ఎవరి ఆలోచన గురించి ఏడుస్తున్నారు? నాలుగోసారి అడిగినా చెప్పే మనిషి ఒక్కడుంటే వాడు అర్ధరాత్రి యంత్రాన్ని ఎందుకు అడుగుతాడు?

సదస్సుకు హాజరు తప్పనిసరి. దాని మీద రెండు పేజీల నివేదిక కూడా ఇవ్వాలి, మార్కులున్నాయి. అబ్బాయి నిన్ననే రాసేశాడు. వక్తల ప్రసంగాలకు సభ చప్పట్లతో మారుమోగిందట.