లేజర్ గారికి, ఆత్రేయపురం అరుగు మీంచి

లేజర్ గారూ, నమస్కారమండి, ఆయ్.

సంక్రాంతికి ఇంటికొచ్చి మా అత్తయ్య వాళ్ళ అరుగు మీద కూర్చుని రాస్తున్నానండి. ఎదురుగా దాళ్వాకి దమ్ము చేస్తున్నారు, చేలోకి దిగినోళ్ళకి మోకాళ్ళ దాకా రేగడి, దానికి వాక్యూమ్ అక్కర్లేదు, పంపు అక్కర్లేదు, వద్దన్నా అంటుకుంటుంది. అదే జాతి మట్టిని మీ చేత గోరంత గాజుముక్క మీద అంటించడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మట్టితో నాకు పేచీ లేదండి. అందులో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజానికి ఒక్కో పొర 1 నానోమీటర్ మందం, మధ్యలోకి నీళ్ళెళ్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, మా చేలల్లో చూస్తూనే ఉన్నాం. ఆ పొరల్ని పాలిమర్‌లో, అంటే ప్లాస్టిక్ లాంటి పొడుగాటి గొలుసుల పదార్థంలో, పడుకోబెడితే గాలి తిన్నగా దూరలేదు, చేల గట్ల మీద నడిచినట్టు చుట్టూ తిరిగి పోవాలి, అందుకే ఈ తిప్పలన్నీ.

పేచీ మీతోనే. నేరుగా తగిలారంటే పాలిమర్ గొలుసులు తెంపేస్తారు. అందుకని మట్టినీ పాలిమర్‌నీ సాల్వెంట్‌లో, అంటే కరిగించే ద్రవంలో, కలిపి, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించి, భీమవరం రొయ్యల్లా ఐసులో పెట్టి మీ ముందుంచాలి. మీరు 248 నానోమీటర్ల వెలుగుతో ఐసుని బాదితే సాల్వెంట్ ఆవిరై పంపులోకి పోతుంది, పాలిమర్ ఏమీ ఎరగనట్టు వెళ్ళి గాజు మీద కూర్చుంటుంది. 1990ల్లో అమెరికా నేవీ ల్యాబ్‌లో పుట్టిన పద్ధతి, పేరు మేపుల్. మిమ్మల్ని మేపలేక మేం చస్తున్నాం కాబట్టి పేరు సరిగ్గానే పెట్టారు.

ఇంతా చేస్తే గాజు మీద పడ్డ ఆ పలచటి పొర, ఫిల్మ్ మీద బుడిపెలండి!

ఇక్కడ మా అత్తయ్య బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు ఎగదోసి, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగిందంటే రేకు లేచొస్తుంది. పిండి కూడా పాలిమరేనండి, స్టార్చ్. 2023లో పూతరేకులకి జీఐ, అంటే ఇది ఈ ఊరిదేనన్న గుర్తింపు, కూడా వచ్చింది, మరి మీకో? మీ ఫిల్మ్ ఇంకా పలచన, ఒప్పుకుంటాను, వెంట్రుకని వందల వంతులు చేస్తే ఒక వంతు. ఆ మాటే గొప్పగా చెప్తే "రోజుకి ఎన్ని రేకులొస్తాయిరా?" అంది.

ఒకటి అన్నాను. అదీ కరెంటు పోకపోతే.

జాలిపడి పాత రేకుల కుండ ఒకటి గడ్డిలో చుట్టి ఇచ్చింది. సోమవారం పట్టుకొస్తున్నా, కాస్త పక్కకి జరిగి చోటివ్వండి.