మగబిడ్డ ఏడిస్తే కోపం, ఆడబిడ్డ ఏడిస్తే భయమా?

పసివాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే "అబ్బో, వీడికెంత కోపమో!" అంటారు. అదే వయసు పాప అలాగే ఏడిస్తే "అయ్యో, భయపడింది పాపం" అని గుండెలకు హత్తుకుంటారు. ఈ మాటలు వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

1976లో జాన్ కాండ్రీ, శాండ్రా కాండ్రీ అనే పరిశోధకులు సరిగ్గా దీన్నే పరీక్షించారు. తొమ్మిది నెలల బిడ్డ ముందు ఒక పెట్టె. అందులోంచి బొమ్మ ఠక్కున పైకి లేస్తుంది, బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. చూసిన వాళ్లందరికీ అదే బిడ్డ, అదే వీడియో. కానీ కొందరికి బాబు అని, మిగతావాళ్లకు పాప అని చెప్పారు. బాబు అనుకున్న వాళ్లకు ఆ ఏడుపులో కోపం కనిపించింది, పాప అనుకున్న వాళ్లకు భయం కనిపించింది.

ఇది మాటతో పోయేది కాదు. భయం అనుకుంటే చేతులు వాటంతటవే ముందుకు వెళ్తాయి. కోపం అనుకుంటే "కాసేపు ఏడవనీ, వాడే ఊరుకుంటాడు" అంటాం.

వాడు ఊరుకుంటాడా? పిల్లల మనస్తత్వ పరిశోధకుడు ఎడ్వర్డ్ ట్రానిక్ ప్రయోగం చూడండి. బిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లి ఉన్నట్టుండి ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. బిడ్డ మొదట నవ్వి పిలుస్తుంది, ఊ కొడుతుంది, ముందుకు వంగుతుంది. తల్లి పలకదు. బిడ్డ చూపు తిప్పేసుకుంటుంది, మళ్లీ చూస్తుంది, చివరికి ఏడుపు. 1999లో వైన్‌బర్గ్, ట్రానిక్ బృందం ఆరు నెలల పిల్లలతో ఇదే చేస్తే, ఎక్కువ తల్లడిల్లింది మగపిల్లలే. ఎత్తుకోమని చేతులు చాచింది కూడా వాళ్లే ఎక్కువ. తల్లీకొడుకులు మళ్లీ కుదుటపడడానికి ఎక్కువ సమయం పట్టింది. అందరు మగపిల్లలూ ఇంతే అని కాదు, ఇది సగటు లెక్క. కానీ "మగాడు, గట్టివాడు" అనే మాటకు ఇందులో చోటెక్కడుంది?

పాపలకూ నష్టం ఉంది. ఇంకో పరిశోధనలో, పదకొండు నెలల పిల్లలు ఎంత ఏటవాలు మీద పాకగలరో తల్లులను అడిగితే, కూతుళ్లను తక్కువ అంచనా వేశారు, కొడుకులను ఎక్కువ అంచనా వేశారు. తీరా పాకించి చూస్తే పెద్ద తేడా ఏమీ లేదు.

దీనికి తల్లిని మాత్రం తప్పుపట్టకండి. నిద్ర లేక అల్లాడుతున్న ఆమె చెవిలో ఈ మాటలు పోస్తున్నది చుట్టూ ఉన్న మనమే. కొడుకును ఎత్తుకోగానే "చేతులకు అలవాటు చేస్తున్నావ్, మెత్తగా తయారవుతాడు" అని టెన్షన్ పెట్టేదీ మనమే. ఆ మాట మానేసి, ఆమె చేతిలో ఉన్న పని అందుకోండి. వాడిని ఎత్తుకుని కాసేపు కూర్చోనివ్వండి.