‘ఇంటికి సాయం’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఇంటికి సాయం’ గారికి,

1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. అదే మూడో సెక్షన్‌లో మీకోసం దొడ్డిగుమ్మం తెరిచారు: బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని పనుల్లో పిల్లలు కుటుంబానికి సాయపడొచ్చు. పేరులోనే ఉంది మీ మహిమంతా. కూలి అంటే కేసు, సాయం అంటే సంస్కారం.

మీ కుటుంబమూ పెద్దదే. చట్టం లెక్కలో అమ్మానాన్నలు, తోబుట్టువులే కాదు, బాబాయి, పిన్ని, మేనత్త, మేనమామ కూడా కుటుంబమే. తనిఖీ జీపు ఊళ్లోకి రాగానే వరుసలు కలిసిపోతాయి. కూలికొచ్చిన పిల్ల ‘మా మేనకోడలండీ’ అవుతుంది. తనకు ఇంకో మేనమామ ఉన్నాడని ఆ పిల్లకూ అప్పుడే తెలుస్తుంది.

మీ పనితనం చూడాలంటే గద్వాల, కర్నూలు వైపు సీడు పత్తి చేలకు వెళ్లాలి. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ప్రతి పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేయాల్సిందే. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా, మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గల్ని వెతికి పట్టుకుని, రెక్కల్నీ పుప్పొడి తిత్తుల్నీ గోటితో ఒలిచేయాలి. గోరు లోతుకు దిగి లోపలి పిందెకు తగిలితే మొగ్గ రాలిపోతుంది. తిత్తులు మిగిలిపోతే ఆ పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది, అది కల్తీ. విత్తనం నాటి స్వచ్ఛత తేల్చే జీఓటీ పరీక్షలో లాటు పోయిందా, దెబ్బ రైతుకే. మర్నాడు పొద్దున్నే మగ పూలు కోసుకొచ్చి, ఒలిచిన మొగ్గల్లో పుప్పొడి అందుకునే కొనలకు, అంటే కీలాగ్రాలకు, రుద్దాలి. ఎండ ముదిరితే పుప్పొడికి సత్తువ ఉండదు. ఇలా రోజూ, వారాల తరబడి. అందుకే చిన్న వేళ్లు కావాలంటారు. వేళ్లకన్నా కూలి చిన్నదన్న మాట మాత్రం ఎవరూ అనరు. సీజను రాకముందే ఇంట్లో అడ్వాన్సు పెడతారు కాబట్టి ‘సాయం’ మధ్యలో మానే దారీ లేదు.

2017 నియమాలు మీకో కంచె వేశాయి: రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా వద్దు, బడి వేళల్లో వద్దు, రోజు మొత్తం మీద 3 గంటలు దాటొద్దు. పత్తి పువ్వు మాత్రం బడి గంట వినే విచ్చుకుంటుందేమో! ప్రార్థన వేళకు మగ పూలు, మధ్యాహ్న భోజనం అయ్యాక ఆడ మొగ్గలు. ఆ 3 గంటలు ఎక్కడ ఇరుకుతాయో మీరే చెప్పాలి.

ఇంకో నియమం ఉంది, మీరు దాన్ని ఎక్కడా బయటపెట్టరు: ఆదాయం తెచ్చే సరుకు తయారీలో, సరఫరాలో ఏ దశలోనూ పిల్లల సాయం ఉండకూడదు. విత్తనం రైతు నుంచి మధ్యవర్తి అయిన ఆర్గనైజరుకు, ఆర్గనైజరు నుంచి కంపెనీకి డబ్బుకే కదా పోయేది! అంటే ఈ చేలో మీరు కాలు పెట్టడానికే వీల్లేదు. పెట్టారు.

శిక్ష విషయంలో మీకు బెంగక్కర్లేదు. యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. తల్లిదండ్రులకు మొదటిసారి శిక్షే లేదు. ‘యజమాని ఎవరు?’ అంటే మేనమామ. మేనమామ యజమాని ఎలా అవుతాడండీ?

బడిలో పిల్ల వరుసగా 30 రోజులు చెప్పకుండా రాకపోతే ప్రధానోపాధ్యాయుడు ఈ చట్టం అమలు చూసే నోడల్ అధికారికి తెలపాలి. వరుసగా, అన్నారు గదా. 29 రోజులు చేలో, ఒక్కరోజు బడిలో, మళ్లీ చేలోకి. ఈ లెక్క మీరు నేర్పిందే. వచ్చే సీజనులో ఆ ఒక్కరోజు ఏ వారమో ముందే చెబితే, ఆ పూటకు పరీక్ష పెట్టుకుంటాం.

ఇట్లు,
హాజరు పట్టీలో ఖాళీ గడులు లెక్కపెట్టేవాళ్లు