మొదటి ప్లాట్‌ఫారం దగ్గరే ఆగిపోతున్న హక్కు

రెండు తెలుగు రాష్ట్రాల్లో రైల్వే స్టేషన్ల రూపురేఖలు మారుతున్నాయి. అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టు 6న దేశమంతటా 508 స్టేషన్ల పునరభివృద్ధికి శంకుస్థాపన జరిగితే, వాటిలో 21 తెలంగాణవి, 18 ఆంధ్రప్రదేశ్‌వి. బేగంపేట, వరంగల్, కరీంనగర్, సూళ్లూరుపేట స్టేషన్లు కొత్త భవనాలతో 2025 మే 22న ప్రారంభమయ్యాయి. సికింద్రాబాద్ ఒక్కదానికే రూ.700 కోట్లకు పైగా కేటాయించారు. స్టేషన్ల మీద ఇంత సొమ్ము ఒక్కసారిగా పెట్టడం మళ్లీ ఎన్ని దశాబ్దాలకు జరుగుతుందో చెప్పలేం. అందుకే అడగవలసింది ఇప్పుడే అడగాలి. చక్రాల కుర్చీలో వచ్చిన ప్రయాణికుడు ఎవరి చేతా మోయించుకోకుండా రోడ్డు మీది నుంచి తన బెర్తు దాకా చేరగలడా? మన పట్టణాల్లోని చాలా స్టేషన్లలో చేరలేడు.

ముఖద్వారం దగ్గర ర్యాంపు ఉంటుంది. మొదటి ప్లాట్‌ఫారం దాకా ఫరవాలేదు. రైలు రెండో ప్లాట్‌ఫారం మీదికో మూడోదాని మీదికో వచ్చినప్పుడు మొదలవుతుంది అసలు కష్టం. లిఫ్టు లేకపోయినా, ఉన్న లిఫ్టు పనిచేయకపోయినా మిగిలేవి రెండే దారులు. కుర్చీతో సహా మనిషిని నలుగురు కలిసి వంతెన మెట్ల మీదుగా ఎత్తుకుపోవాలి. లేదంటే ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్లి, పార్సిల్ బండ్లు పట్టాలు దాటే చోట దాటాలి. మూటలు దాటించే దారిలో మనుషులను దాటించడం మనకు అలవాటైపోయింది. రాత్రివేళ, వానలో, రైలు వచ్చే వేళకు ముందు ఆ పట్టాల మధ్య చక్రం ఇరుక్కుంటే ఏమవుతుందోనన్న భయంతో ఎన్ని కుటుంబాలు ప్రయాణమే మానుకుంటున్నాయో ఏ లెక్కల్లోనూ కనిపించదు.

దీనికి మూలం రైల్వే శాఖ వేసుకున్న వరుసక్రమంలోనే ఉంది. దివ్యాంగుల సౌకర్యాలను అది స్వల్పకాలిక, దీర్ఘకాలిక సౌకర్యాలుగా విడదీసింది. ర్యాంపు, పార్కింగ్ స్థలం, జారని నడకదారి, సూచిక బోర్డులు, ఒక మరుగుదొడ్డి, ఒక మంచినీటి కుళాయి, సహాయ కేంద్రం మొదటి జాబితాలో చేరాయి. ఒక ప్లాట్‌ఫారం నుంచి మరోదానికి చేరే ఏర్పాటు, ప్లాట్‌ఫారం అంచుల్లో చెక్కాల్సిన గుర్తులు రెండో జాబితాలోకి వెళ్లాయి. దాహం తీర్చుకోవడానికి ముందు ఏర్పాటు చేసి, రైలెక్కడాన్ని తరువాతికి నెట్టారన్నమాట. స్టేషనుకు ఎవరైనా వచ్చేది రైలెక్కడానికే కదా.

ప్లాట్‌ఫారం చేరినా పని పూర్తికాదు. రైలు పెట్టె నేల పట్టాల మీది నుంచి సుమారు 1.3 మీటర్ల ఎత్తున ఉంటుంది. మన ఎత్తైన ప్లాట్‌ఫారాలు కూడా 84 సెంటీమీటర్లకు మించవు. మధ్యలో మూరెడు ఎత్తు, దానిలో ఇరుకు మెట్లు, పట్టుమని రెండు నిమిషాలు ఆగే రైలు. చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫారం ఇంకా దిగువన ఉంటుంది. కాళ్లు కదపలేని ప్రయాణికులకు తోడు వచ్చేవారితో సహా స్లీపర్ తరగతిలో 75 శాతం రాయితీ ఇస్తున్న రైల్వే, వారిని పెట్టెలోకి ఎక్కించే బాధ్యతను మాత్రం ఆ తోడు వచ్చినవారి భుజాల మీదే వదిలేసింది. వైద్యం కోసం వేలూరుకో హైదరాబాద్‌కో వెళ్లే రోగికి ఆ రాయితీ కంటే మడత ర్యాంపు ఎక్కువ అవసరం. అది అసాధ్యమేమీ కాదు. దివ్యాంగుల హక్కుల కార్యకర్త విరాలీ మోదీ సాగించిన ఉద్యమం తరువాత 2017లోనే కేరళలోని ఎర్నాకుళంలో తాత్కాలిక ర్యాంపులు, బోగీ తలుపులో పట్టేంత సన్నని చక్రాల కుర్చీలు వచ్చాయి. అదే ఏడాది మొదలైన హైదరాబాద్ మెట్రోలో ప్లాట్‌ఫారం, పెట్టె నేల దాదాపు ఒకే మట్టంలో ఉన్నాయి.

ఇక సూచిక బోర్డులు. వాటిని చిన్న విషయంగా చూడటం పెద్ద పొరపాటు. నీలం రంగు చక్రాల కుర్చీ గుర్తు మరుగుదొడ్డి తలుపు మీద కనిపిస్తుంది గానీ, లిఫ్టు ఏ చివర ఉందో, ఏ ప్లాట్‌ఫారానికి మెట్లు లేకుండా వెళ్లవచ్చో ప్రవేశద్వారం దగ్గర చెప్పే బోర్డు అరుదు. నిండుగా పెట్టెలున్న రైలు పొడవు అర కిలోమీటరు దాటుతుంది. దివ్యాంగుల బోగీ సాధారణంగా రైలు కొసన ఉంటుంది. అది ఏ కొసన ఆగుతుందో ముందే తెలియకపోతే నడవగలిగినవారు పరుగెత్తి అందుకుంటారు, చక్రాల కుర్చీలో ఉన్నవారికి రైలు వెళ్లిపోతుంది. ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చినట్టు మైకులో చెబితే వినికిడి లేనివారికి ఆ కబురే అందదు. చూపు లేనివారు కాలితో తడిమి దారి తెలుసుకునేందుకు పరిచిన గుర్తు పలకల వరుస స్తంభం దగ్గరో దుకాణం దగ్గరో తెగిపోతుంది. ఆ వరుస మీద సామాను పెట్టనివ్వకుండా చూడటానికి పైసా ఖర్చు అక్కర్లేదు.

చట్టం దీన్ని దయగా కాక హక్కుగా రాసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నిటినీ నిబంధనలు వెలువడిన అయిదేళ్లలో అందరికీ అందుబాటులోకి తేవాలంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022లోనే ముగిసింది. 2024 నవంబరు 8న, దివ్యాంగులకు అందుబాటు సౌకర్యాల కోసం రాజీవ్ రాతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు మరింత గట్టిగా చెప్పింది. అందుబాటు ప్రమాణాలను కేవలం సిఫార్సులుగా ఉంచిన, ఆ 2017 నిబంధనల్లోని 15(1) నిబంధన చట్టానికే విరుద్ధమని కొట్టివేసింది, తప్పక పాటించవలసిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమంది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే.

అదే చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం ప్రమాణాలు పాటించని భవనానికి పని పూర్తయినట్టు ధ్రువపత్రం ఇవ్వకూడదు. పునరభివృద్ధి జరుగుతున్న ప్రతి స్టేషనులోనూ దీన్ని అమలు చేయాలి. కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు చెల్లించే ముందు ఆ ఊళ్లోనే ఉండే చక్రాల కుర్చీ వాడేవారిని, చూపులేనివారిని, వినికిడి లేనివారిని పిలిచి, రోడ్డు మీది నుంచి బోగీ దాకా వారే వెళ్లి చూసేలా తనిఖీ జరపాలి. వారు ఎక్కడ ఆగిపోతే అక్కడి పని తిరిగి చేయించాలి. ఆ తనిఖీల తేదీలను డివిజన్ అధికారులు ముందుగా ప్రకటించాలి. ఏ స్టేషనులో ఏ ప్లాట్‌ఫారానికి మెట్లు లేని దారి ఉందో, ఏ లిఫ్టు పనిచేయడం లేదో టికెట్ కొనే చోటే ప్రయాణికుడికి కనిపించాలి.